వృద్ధసేవయందు ప్రమాదము

తెలుగు వ్యవహారమున 'ప్రమాదము' అను మాటకు నేడొక్క యర్థమే మిగిలినది. రైలుబండి పట్టాలు తప్పినను ప్రమాదమే; ముసలమ్మ స్నానపుగదిలో కాలుజారి పడినను ప్రమాదమే. ఎవరి చేతిలోను లేక దైవికముగా వచ్చిపడిన ఆపద యని లోకము దాని భావమును గ్రహించుచున్నది. ఆగమపరిభాషలో ఈ మాట కర్థము వేరు. ఏమరుపాటు, అజాగ్రత్త, చేయవలసిన పనియందు మనస్సు నిలుపకుండుట - ఇది ప్రమాదము. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింసను నిర్వచించుచు, ఇట్టి ప్రమాదము మూలమున ప్రాణములకు కలుగు హానియే హింస యని తేల్చియున్నాడు. ఒకే మాటతో లోకము బాధ్యతను దులుపుకొనుచున్నది, శాస్త్రము బాధ్యతను మోపుచున్నది. ముసలమ్మ జారిపడుట ఈ రెండర్థములలో దేనిని బట్టి ప్రమాదము? వృద్ధాశ్రమములకు ధనమిచ్చు దాతలును, వానిని నడుపు ధర్మకర్తలును, తల్లిదండ్రులను వానియందుంచు కుమారులును తప్పించుకొనరాని ప్రశ్న యిది.

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న రాయచూరు సీమకు ఈ ప్రశ్న దూరమైనది కాదు. 1871లో బొంబాయినుండి వచ్చిన రైలుమార్గమును మద్రాసునుండి వచ్చిన మార్గమును రాయచూరున కలిసినవి. మార్వాడమునుండియు గుజరాతునుండియు వచ్చి అడతి దుకాణములు పెట్టిన కుటుంబములకు పత్తియు ధాన్యమును జీవనాధారములైనవి. 1956 నవంబరు 1వ తేదీ వరకు ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది, నేడు కర్ణాటకములోనిది, ఐనను బజారులో కన్నడముతోపాటు తెలుగు వినబడుచునే యున్నది. తుంగభద్ర ఎడమకాలువకు నీరు వచ్చిన పిమ్మట ఆంధ్ర ప్రాంతపు రైతులు సింధనూరు, మాన్వి తాలూకాలలో 'క్యాంపు'లను పేర ఊళ్లు కట్టుకొనిరి. ఆ తరములో మిగిలినవారు నేడు వృద్ధులు. కుమారులు హైదరాబాదునకు, బెంగుళూరునకు పోయిరి. కొందరు సముద్రము దాటిరి. దుకాణము మునీముల చేతికి, ముసలివారు పనివారి చేతికి వచ్చిరి. వృద్ధాశ్రమమను మాట చెవినబడుటకే సిగ్గుపడిన కుటుంబములు సైతము నేడు దానిని గూర్చి మెల్లగా విచారించుచున్నవి. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము, జిల్లాకు కనీస మొకటి చొప్పున, నిరుపేదలైన 150 మంది వృద్ధులకు చాలునంతటి ఆశ్రమములను స్థాపించు భారమును రాష్ట్ర ప్రభుత్వములకు చూపినది. వాని వైద్యసదుపాయముల ప్రమాణములను నిర్ణయించు అధికారమును గూడ వానికే యిచ్చినది. ఐనను దాతలు పూనుకొననిదే ఆశ్రమము నిలుచుట అరుదు.

దాతృత్వమునకు జైన సమాజమున కొరత లేదు. వ్యాపారముపై ధర్మాదా విడిచి, పనికిరాని పశువులను చచ్చువరకు పోషించు పాంజరాపోళములను నడిపిన సమాజ మిది. కాని కట్టడమునకు చందా యిచ్చుట యొకటి, కట్టడములోని మంచముపై నున్న మనుష్యునకు ఏమి జరుగుచున్నదో యెరుగుట మరియొకటి. భోజనశాల గోడకు పాలరాతి ఫలకముండును. అర్ధరాత్రి లేచి ముసలివానిని ఒత్తిగిల్లించిన ఆయాకు ఫలక ముండదు. ఆమె లేవకపోయినను ఫలకము చెక్కుచెదరదు.

ఆరు అంతరంగ తపస్సులలో వైయావృత్త్య మొకటి. ఆచార్యుడు, ఉపాధ్యాయుడు మొదలుగా పదిమంది సేవార్హులను చెప్పుచు శాస్త్రము వారిలో 'గ్లానుని', అనగా రోగిని, ప్రత్యేకముగా పేర్కొన్నది. ఉపవాసముతోను ధ్యానముతోను ఒక్క వరుసలో రోగిసేవ నిలుపబడినది. తపస్సున కొక లక్షణము కలదు. మనసు మంచిదైనంత మాత్రమున అది సిద్ధింపదు. విధి తెలిసి చేయవలెను. ఉపవాసము చేయువాడు పచ్చక్ఖాణము వేళను ఘడియలతో లెక్కించును గదా!

ఇచ్చట నొక ఆక్షేపణ వచ్చును. కర్మబంధమునకు భావమే ప్రధానము గదా. దాత భావము శుద్ధమైనపుడు ఆశ్రమములో జరుగు లోపము దాత నంటునా? ఈ ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు, ఏలయన దీనికి మూలము శాస్త్రముననే యున్నది. కుందకుందాచార్యుడు - గుంతకల్లు సమీపమున నున్న కొనకొండ్ల ఆయన జన్మస్థానమని పలువురు పండితుల మతము - ప్రవచనసారమున నీ విషయమును విచారించెను. జాగ్రత్తగా అడుగువేయు మునిపాదము క్రింద పురుగు చచ్చినను ఆయనకు హింసాదోషము లేదు. అజాగ్రత్తగా నడచువానికి పురుగు చావకున్నను దోషము తప్పదు. దాతలు మొదటి సగమును జ్ఞాపకముంచుకొని రెండవ సగమును మరచుచున్నారు. ఆచార్యుడు శుద్ధభావమని చెప్పినది మంచి కోరికను గాదు, యత్నమును. కన్నులు నేలపై నిలిపి నడచుటయే ఆ ముని భావశుద్ధికి సాక్ష్యము. ఆశ్రమము నడుపువాడు తన కన్నులను దేనిపై నిలుపవలెను?

దీనికి ఉత్తరము కాలమునుబట్టి మారుచున్నది. పడకపుండ్ల సంగతి చూడుడు. మంచమున పడిన వృద్ధునకు నడుమునను తుంటియందును మడమలయందును చర్మము చీకి పుండ్లు పడుట వార్ధక్యధర్మమని లోకము నమ్మినది. స్పిరిటుతో రుద్దిరి, పౌడరు చల్లిరి, లేపనములు పూసిరి. ఇంగ్లండులో డోరీన్ నార్టన్ అను నర్సు తోడి పరిశోధకులతో కూడి ఆస్పత్రి వృద్ధులను పరిశీలించి 1962లో ఫలితములను ప్రకటించెను. పూతలు నమ్మదగిన రక్ష గావనియు, వేళ తప్పక ఒత్తిగిల్లించుటయే పుండ్లను తగ్గించుననియు దానివలన తేలినది. ఎవరికి పుండు పడు నపాయ మెక్కువయో ముందే కనిపెట్టుటకు ఆమె యేర్పరచిన లెక్క నేటికిని వాడుకలో నున్నది. అంతకుముందే, 1935లో, లండను సమీపమున మార్జొరీ వారెన్ అను వైద్యురాలి చేతికి పేదల ఆశ్రమమునందలి 700కు పైగా రోగులు వచ్చిరి. అందు పలువురు ఏండ్ల తరబడి మంచము దిగనివారు. ఆమె ఒక్కొక్కరిని విడివిడిగా పరీక్షించి, లేవగలవారిని లేపి, నడపించి, ఎందరినో ఇండ్లకు పంపెను. మంచము దిగకపోవుటకు కారణము ముసలితనము గాదు, దింపువారు లేకపోవుటయే యని అప్పుడు బయటపడినది.

ఇచ్చటనే నైతికమైన మలుపున్నది. 1930లో స్పిరిటు రుద్దుచు కూర్చున్న సేవకురాలిని దోషి యనలేము. ఆమెకు తెలిసినంత యత్నము ఆమె చేసినది. ఒత్తిగిల్లించిన పుండు తగ్గునని లోకమునకు తెలిసిన పిమ్మట అదే పని చేయుచు కూర్చున్న ఆశ్రమము అజ్ఞానమని చెప్పుకొనుటకు వీలులేదు. తెలియనిది అజ్ఞానము, తెలిసికొన యత్నింపనిది ప్రమాదము. వైద్యశాస్త్ర మొక విషయమును నిర్ణయించిన ప్రతిసారియు ధర్మకర్త కన్నులు నిలుపవలసిన నేల మరికొంత విశాలమగును. ఇది భారమే. కాని తేలికపడు సందర్భములును గలవు. రెండేసి గంటలకు ఒత్తిగిల్లించవలెనను నియమమును అమెరికా, కెనడా దేశముల వృద్ధగృహములలో పరీక్షింపగా, మంచి దట్టమైన ఫోము పరుపున్నచోట మూడు, నాలుగు గంటలకు జరిపినను పుండ్లు హెచ్చలేదని 2013లో వెల్లడియైనది. ఆయాకు శ్రమ తగ్గినది, ముసలివానికి నిద్ర దక్కినది. విచారింపక పాత నియమము నంటిపెట్టుకొన్నచో ఈ లాభము పోయెడిది.

అహింసాణువ్రతమునకు శాస్త్రము చెప్పిన అతిచారము లైదు: బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము. పశువులకు చేయు పీడను దృష్టియందుంచుకొని శ్రావకులు వీనిని వల్లించుదురు. వృద్ధాశ్రమపు గదులలో నిలిచి వీనిని మరల చదువవలసియున్నది.

బంధము. మతిమరుపు జబ్బుగల వృద్ధుడు రాత్రివేళ లేచి తిరుగును. పడునని భయపడి పాతచీరతో మంచమునకు కట్టుదురు. కట్టువారి మనసు చెడ్డది గాదు. ఐనను కట్టుటవలన గాయములు తగ్గలేదని పరిశీలనలలో తేలినది. కట్టినచోట కండ క్షీణించును, పుండు పడును, విడిపించుకొన పెనగులాడి పడినచో దెబ్బ మరింత గట్టిది. అమెరికా దేశము 1987లో చట్టము చేసి, వైద్యకారణము లేక వృద్ధులను కట్టరాదని శాసించినది. చీర లేకుండ కట్టు విధానము నొకటి గలదు, అది మందు. అల్లరి చేయుచున్నాడని మతిమరుపు రోగికి ఉన్మాదవ్యాధి మాత్రలిచ్చి పడుకొనబెట్టుట సులభము. అట్టి మాత్రలు ఈ రోగులకు మరణాపాయమును హెచ్చించునని 2005లో అమెరికా ఔషధాధికారులు హెచ్చరించిరి. సందర్శనమునకు వచ్చిన కుమారునకు నాన్నగారు ప్రశాంతముగా నిద్రించుచున్నట్లే కనబడును.

అన్నపాననిరోధమను మాట చూచి, ఏ జైన ఆశ్రమమునందైన అన్నము మానిపించుదురా యని పాఠకులు నవ్వవచ్చును. పళ్లెములో అన్నము పెట్టుటకును వృద్ధుని పొట్టలోనికి పోవుటకును నడుమ చాల దూరమున్నది. కట్టుడుపళ్లు వదులై నోరు పుండైనవాడు రొట్టె నమలలేడు. చేయి వణకువాడు పప్పు నోటివరకు తేలేడు. అరగంట తరువాత పళ్లెము తీసికొనిపోయి, 'తినలేదు' అని చెప్పుదురు. నలువది డిగ్రీలు దాటు రాయచూరు వేసవిలో ముసలివారికి దప్పిక తెలియదు. అడిగినవారికే నీళ్లిచ్చు పద్ధతి అక్కడ పాననిరోధమే.

ఈ విషయమున జైనుల వంటయింటికి మిక్కిలి దగ్గరి పరిశోధన యొకటి గలదు. ఆస్ట్రేలియాలో 60 వృద్ధగృహములందు, 7,000కు పైబడిన వృద్ధుల నడుమ, సగము గృహములలో పాలు, పెరుగు, జున్నువంటి పాలపదార్థములను హెచ్చించి, తక్కిన సగములో వెనుకటి భోజనమే పెట్టి రెండేండ్లు పరిశీలించిరి. పాలు హెచ్చించినచోట ఎముకలు విరుగుట నూటికి 33 వంతులు, తుంటి యెముక విరుగుట 46 వంతులు తగ్గినట్లు 2021లో ప్రకటింపబడినది. మాంసముతో గాని, ఖరీదైన మందుతో గాని పనిలేకపోయినది. జపానులో 11 వృద్ధగృహములందు మరియొకటి చూచిరి. కొందరికి భోజనానంతరము ప్రతిసారి పళ్లు తోమించి నోరు శుభ్రపరచిరి; కొందరిని వారి అలవాటుకే విడిచిరి. రెండేండ్లలో న్యుమోనియా వచ్చినవారు విడిచినవారిలో నూటికి 19 మంది, తోమించినవారిలో 11 మంది. తోముబ్రష్షు వెల యెంత? ఊపిరితిత్తుల జబ్బుతో పట్నపు ఆస్పత్రిలో ఒక్క రాత్రికగు వ్యయ మెంత? ఈ లెక్క వర్తకులకు మరియొకరు చెప్పనక్కరలేదు.

మందుల విషయము మరికొంత చిక్కైనది. గుండెకొక డాక్టరు, చక్కెరకొక డాక్టరు, కీళ్ల కొకరు వ్రాసిన చీటీలన్నియు ఆశ్రమమున నొకే డబ్బాలో చేరును. తీసివేయు డాక్టరు ఉండడు. వృద్ధగృహములందున్నవారికి ఏయే మందులు కూడవో అమెరికాలో మార్క్ బీర్స్ అను వైద్యుడు 1991లో ఒక పట్టిక ప్రకటించెను. అది యిప్పటికిని సవరింపబడుచు వచ్చుచున్నది. చక్కెరజబ్బునకు విరివిగా వాడిన గ్లిబెన్‌క్లమైడు మాత్ర వృద్ధులకు తగదని అందున్నది, ఏలయన దాని ప్రభావము చాలసేపు నిలిచి చక్కెరను మితిమీరి దింపును. ఇప్పుడు చౌవిహారవ్రతము పట్టిన ఒక వృద్ధురాలిని ఊహింపుడు. చలికాలమున సాయంకాల మారుగంటలు కాకముందే భోజనము ముగించును. మరునాడు నవకారసీ వరకు నీరైనను ముట్టదు. పదమూడు గంటలకు పైబడిన ఆ రాత్రిలో మాత్ర తన పని తాను చేయుచుండును. తెల్లవారుజామున చెమటలు పోసి తెలివితప్పినచో పక్కవారు దానిని ప్రమాదమనియే పిలుతురు.

ఆమెను వ్రతము మానుమనుటయా పరిష్కారము? కాదు. మందును మార్చవచ్చును, వేళను మార్చవచ్చును, అస్తమయమునకు పూర్వమే రక్తములోని చక్కెరను చూడవచ్చును. ప్రమాణములపై ఆధారపడిన వైద్యమును గూర్చి డేవిడ్ సాకెట్ మొదలగు వైద్యులు 1996లో వివరించునపుడు, పరిశోధనలు చెప్పినదానితో వైద్యుని అనుభవమును, రోగి యిష్టమును కలిపియే నిర్ణయింపవలెననిరి. వేలమందిని చూచి తేల్చిన సగటు ఒక నయము. ఎదుటనున్న ఈ యొక్క మనిషి మరియొక నయము. అనేకాంతము తెలిసినవారికి ఇది క్రొత్త గాదు. కాని అనేకాంతమును అడ్డుపెట్టుకొని 'ఆస్ట్రేలియా సంగతి రాయచూరున చెల్లునా' యని ప్రతి పరిశోధనను త్రోసివేయుట సోమరితనము. చెల్లునో చెల్లదో ఇచ్చట చూచి తెలిసికొనవచ్చును. జైనులకు వైద్యవిచారము పరాయిది గాదు. తొమ్మిదవ శతాబ్దమునందే ఉగ్రాదిత్యాచార్యుడు కల్యాణకారకమను వైద్యగ్రంథము రచించి, మద్యమాంసములు లేకయే చికిత్స చేయవచ్చునని వాదించెను. ఆయన గ్రంథము ముగించిన రామగిరి విజయనగరము జిల్లాలోని రామతీర్థమే యని పలువురి మతము. వైద్యమును విడిచిపెట్టలేదు, వ్రతమును విడిచిపెట్టలేదు.

భాష సంగతి యొకటి చెప్పవలసియున్నది. మతిమరుపు ముదిరినవారికి తరువాత నేర్చిన భాషలు ముందుగా జారిపోవుట తరచు. ఇంటిలో మార్వాడీ, బజారులో తెలుగు, కచేరీలో కన్నడము మాటలాడిన షావుకారు చివరకు మార్వాడీలో 'నొప్పి' యనును, ఆయాకు తెలియదు. కనుబొమలు ముడిచెనా, మూలిగెనా, ముట్టుకొన్నచో చేయి లాగుకొనెనా యని చూచి నొప్పిని కొలుచు పద్ధతులు నేడున్నవి. వానిని నేర్పుటకు పెద్ద చదువు అక్కరలేదు.

సంకోచముతో ముట్టవలసిన విషయ మింకొకటి. 1997 వరకు రాయచూరు జిల్లాలోనిదే యైన కొప్పళము ప్రాచీన జైనతీర్థము. సల్లేఖనమున దేహము చాలించినవారి నిషిధి శాసనము లచ్చట పెక్కు గలవు. 2015 ఆగస్టులో రాజస్థాను హైకోర్టు సల్లేఖనమును ఆత్మహత్యగా నెంచి తీర్పు చెప్పగా, ఆ నెలలోనే సుప్రీముకోర్టు ఆ తీర్పును నిలిపివేసినది. సమాజమంతయు ఒక్కటై ఆ వ్రతగౌరవమును కాపాడుకొన్నది. సరియే. అందువలననే ఒక హెచ్చరిక యవసరము. ఆశ్రమమున నొక వృద్ధుడు అన్నము వద్దనినంతనే 'ఆయనకు వైరాగ్యము వచ్చినది' అనుట ఆ వ్రతమును చులకన చేయుట. దిగులుజబ్బు ఆకలిని చంపును, మలబద్ధము చంపును, నోటిపుండు, మెట్‌ఫార్మిను మాత్ర, మూత్రమార్గపు జ్వరము - ఇవియు చంపును. ఇవన్నియు కుదుర్చదగినవి. తెలివితో, గురువు అనుమతితో, కషాయములను సన్నగిల్లజేయుచు స్వీకరించునది సల్లేఖనము. పరీక్షించువాడు లేక ఆకలి చచ్చిపోవుట సల్లేఖనము గాదు.

సల్లేఖనము స్వీకరించినవానికి ఎట్టి పరిచర్య యుండవలెనో భగవతీ ఆరాధన యను ప్రాచీన గ్రంథము విస్తరముగా చెప్పుచున్నది. నిర్యాపకులను పరిచారకులు సంపూర్ణముగా 48 మంది యుండవలెను. వారు నలుగురేసి చొప్పున పనులు పంచుకొందురు. శరీరమును జరుపుట, లేపుట నలుగురి పని. ధర్మకథ చెప్పుట నలుగురిది. మలమూత్రముల నెత్తుట నలుగురిది. కాలము ప్రతికూలమైనచో సంఖ్య తగ్గవచ్చును. ఐనను ఇద్దరికి తగ్గరాదు. ఒక్కడే యున్నచో అలసిపోవును, ఏమరును. అలసట వలన ప్రమాదము పుట్టునని అంత పూర్వమే గుర్తించిరి. ముప్పదిమంది వృద్ధులకు రాత్రివేళ నొక్క ఆయాను నియమించు ఆశ్రమములో, పైన చెప్పిన అతిచారములలో నాలుగవది, అతిభారారోపణము, ఎవరిమీద జరుగుచున్నదో గ్రహించుట కష్టము గాదు.

చిట్టా వ్రాయని దినము వర్తకున కుండదు. పత్తి బేలును తూచక లోపలికి రానీయని గోదాములు నడిపినవారు, ఆశ్రమములో వృద్ధుని చివరిసారి ఎప్పుడు తూచిరని అడుగవలెను. ముసలివాని బరువు నెలకు నెలకు దిగుట రాబోవు జబ్బునకు ముందుగా వచ్చిన జాబు. ఆస్ట్రేలియా ప్రభుత్వము 2019లో పడకపుండ్లు, కట్టుట, బరువు తగ్గుట - ఈ మూడింటి లెక్కను ప్రతి వృద్ధగృహము తప్పక సమర్పింపవలెనని నిర్ణయించి, 2021లో పడుటను, మందులను చేర్చినది. ఆ దేశమున నియమింపబడిన రాయల్ కమిషను 2019లో వెలువరించిన మధ్యంతర నివేదికకు పెట్టిన పేరు 'నిర్లక్ష్యము'. ధనికదేశమున, చదువుకొన్న నర్సులున్నచోటనే అట్లున్నది. ఈ యైదు లెక్కలకు ఒక చిట్టాపుస్తకము, ఒక తూనిక, నెలకొకసారి దానిని చదువు ధర్మకర్త చాలును. రాయచూరున 2007లో ప్రభుత్వ వైద్యకళాశాల యేర్పడినది. ఆ చిట్టాను చూచి సలహా చెప్పగల వైద్యుని వెదకుట అసాధ్యము గాదు. అంకెలు చెడ్డగానున్నచో దాచవలెనను కోరిక కలుగును. పుండ్లు లేవని వ్రాసిన ఆశ్రమముకంటె మూడున్నవని వ్రాసిన ఆశ్రమము నమ్మదగినది.

చివరకు చిక్కుముడి యొకటి మిగులును. ముప్పదిమందికి సరిపడు సేవకులున్న ఆశ్రమము గుమ్మమున ముప్పదియొకటవ వ్యక్తి నిలిచినపుడేమి చేయవలెను? ఆమెకు ఎవరును లేరు. రైల్వేస్టేషనునుండి పోలీసులు తెచ్చిరి. చేర్చుకొన్నచో లోపలి ముప్పదిమందికి ఒత్తిగిల్లింపు ఆలస్యమగును. కాదన్నచో దయకు తలుపు మూసినట్లగును. చేర్చుకొనుటయే సులభము, ఏలయన ఆమె కష్టము కన్నుల యెదుట నున్నది, లోపలివారి కష్టము దుప్పటి క్రింద నున్నది. చాలమంది దాతలు చేర్చుకొందురు; ఆ రాత్రికి అది తప్పు గాదు. తప్పు మరునాటి ఉదయము మొదలగును - ఆమె పేరు రిజిస్టరులో నెక్కి, మరియొక ఆయా పేరు జీతాల పట్టీలో నెక్కనప్పుడు.